దవాఖానకు పోయింది

ఒక మాటను నేను తప్పుగా విన్నాను. ఒకసారి కాదు, నాలుగు రోజుల పాటు తప్పుగానే విన్నాను. ఆ నాలుగు రోజులు ఒక అమ్మాయికీ, వాళ్ళమ్మకూ ఎంత అవసరమైనవో తర్వాత తెలిసింది. ఈ సంగతి ఎవరికైనా చెప్పుకోవాలని చాలాసార్లు అనుకుని, మొదలుపెట్టే ఓపిక లేక ఊరుకున్నాను. ఇప్పుడు రాస్తున్నానంటే అలసట తీరిందని కాదు. మోసీ మోసీ విసుగొచ్చింది.

నేను డాక్టర్నే గానీ రోగుల్ని చూసే డాక్టర్ని కాను. ఊరి చివర ఒక ప్రైవేటు మెడికల్ కాలేజీలో మొదటి సంవత్సరం పిల్లలకు ఫిజియాలజీ చెబుతాను. గుండె ఎలా కొట్టుకుంటుందో, ఊపిరి ఎలా తీసుకుంటామో బోర్డు మీద బొమ్మ వేసి చూపిస్తాను. నిజంగా ఎవరికైనా ఊపిరి ఆడకపోతే మాత్రం నేనూ అందరిలాగే ఇంకో డాక్టర్ని వెతుక్కోవలసిందే. మా చుట్టాల్లో కొందరికి ఇప్పటికీ నా ఉద్యోగం అర్థం కాదు. “మందులు రాయని డాక్టరు కూడా ఉంటుందా?” అని పెళ్ళిళ్ళలో ఆటపట్టిస్తుంటారు.

మాది కృష్ణా జిల్లా. దిల్‌సుఖ్‌నగర్‌లో కాపురం పెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. కూరగాయల బండి దగ్గర ‘జర తగ్గించు’ అనడం నేర్చుకున్నాను. పరేషాన్ అవడం కూడా నేర్చుకున్నాను. కానీ ‘పోయింది’ అనే మాట దగ్గర మాత్రం నా చెవి ఎప్పుడూ తడబడుతుంది. మా వైపు మనుషులు వెళతారు. పోయేవి కరెంటు, పరువు, ప్రాణం. ఇక్కడ అందరూ ఎక్కడికైనా పోతారు, పోయి వస్తారు. ఇంతకాలం ఉన్నా, ఫలానా ఆయన పోయిండు అని ఎవరైనా అంటే ఒక్క క్షణం నా గుండె ఆగి, తర్వాత కొట్టుకుంటుంది.

కరోనాకు ముందు మా కాలేజీలో మెంటరింగ్ అంటే ఒక సంతకం. ఒక్కో టీచరుకు పదిమంది పిల్లల్ని అప్పజెప్పేవారు. ఏడాదికి రెండుసార్లు వాళ్ళు డైరీ పట్టుకుని వరసగా వచ్చేవాళ్ళు. “బాగా చదువుతున్నావా?” అంటే “చదువుతున్న మేడం” అనేవాళ్ళు. సంతకం పెట్టేదాన్ని. ఎవరి ముఖమూ గుర్తుండేది కాదు. లాక్‌డౌన్ వచ్చి కాలేజీ మూసేశాక ఆ సంతకానికి ఎక్కడ లేని ప్రాముఖ్యం వచ్చింది. ప్రతి ఆదివారం పొద్దున పదిమందితో ఆన్‌లైన్ మీటింగ్ పెట్టాలని, సాయంత్రంలోగా ఒక ఫారం నింపి పంపాలని సర్క్యులర్ వచ్చింది. అందులో ‘విద్యార్థి మానసిక స్థితి’ అని ఒక ప్రశ్న. దానికి మూడు జవాబులు: బాగుంది, పర్వాలేదు, బాగోలేదు. బాగోలేదు అని నొక్కితే దానికింద ఇంకో పదకొండు ప్రశ్నలు తెరుచుకునేవి. అందుకని మా టీచర్లందరి పిల్లలూ ఆ ఏడాదంతా పర్వాలేకుండానే ఉన్నారు.

మావారు దాన్ని ‘మెంటల్ మీటింగ్’ అనేవారు. “ఇవాళ నీ మెంటల్ మీటింగ్ అయిందా, అన్నం తిందామా?” అని అడిగేవారు. మొదట్లో నవ్వేదాన్ని. తర్వాత నవ్వు రాలేదు గానీ ఆ పేరు మాత్రం ఇంట్లో స్థిరపడిపోయింది.

వంటింటి పక్క బాల్కనీలో స్టూలు మీద కూర్చుని ఆ మీటింగులు పెట్టేదాన్ని. కింద వీధిలో హాస్టళ్ళన్నీ ఖాళీ. ఎప్పుడూ కోచింగు పిల్లలతో అడుగు తీసి అడుగు వేయనివ్వని వీధి, కుక్కలు నడిరోడ్డు మీద పడుకునే వీధి అయిపోయింది. ఫోన్లో పది గళ్ళు. అందులో సగం గళ్ళలో ముఖాలుండేవి కావు. “వినపడుతోందా?” అని నేను, “వినవస్తుంది మేడం” అని వాళ్ళు. గంటలో ఇరవై నిమిషాలు దీనికే సరిపోయేది. మిగిలిన నలభై నిమిషాల్లో వాళ్ళకు ధైర్యం చెప్పాలి. నాకు లేని ధైర్యం ఎక్కడినుంచి తెచ్చి చెప్పేదాన్నో నాకే తెలియదు.

ఆ పదిమందిలో ఒకమ్మాయి ఎప్పుడూ మెట్ల మీద కూర్చుని ఉండేది. గడ్డిఅన్నారంలో పండ్ల మార్కెట్ వెనక ఒక గది కిరాయికి తీసుకుని తల్లీ కూతుళ్ళు ఉండేవాళ్ళు. గదిలో సిగ్నల్ రాదు. ఆ అమ్మాయి మాట్లాడితే వెనక లారీల హారన్లు, హమాలీల కేకలు వినపడేవి. “మ్యూట్ చేసుకోమ్మా” అని అందరికంటే ఎక్కువసార్లు ఆ పిల్లకే చెప్పాను. వాళ్ళది నల్గొండ దగ్గర పల్లె. తండ్రి చిన్నప్పుడే చనిపోతే తల్లి ఈ పిల్లను తీసుకుని ఇక్కడికొచ్చి, మొదట ఆ మార్కెట్లోనే బత్తాయిలు ఏరేపని చేసింది. తర్వాత ఎల్బీ నగర్‌లో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో ఆయమ్మగా కుదిరింది. పక్కలు మార్చడం, రోగుల్ని లేపి కూర్చోబెట్టడం ఆమె పని. కూతురికి మెడిసిన్ సీటొచ్చిన రోజు ఆసుపత్రిలో నర్సులందరికీ మిఠాయి పంచిందట. కూతురు డాక్టరైతే తను పని మానేస్తానని చెప్పుకు తిరిగేదట. ఆ పిల్ల ఇది చెప్పినప్పుడు కొంచెం సిగ్గుపడింది.

మొదటి లాక్‌డౌన్ రోజుల్లో ఒక ఆదివారం ఆ అమ్మాయిని ఇంట్లో అందరూ ఎలా ఉన్నారని అడిగాను.

“మంచిగున్నం మేడం. అమ్మ దవాఖానకు పోయింది.”

నా పై ప్రాణాలు పైనే పోయాయి. “అయ్యో, ఎప్పుడు? జ్వరమా? ఆక్సిజన్ ఎంతుంది? ఎవరు తీసుకెళ్ళారు?” అని గుక్క తిప్పుకోకుండా అడిగేశాను.

ఆ పిల్ల ఒక్క క్షణం తెల్లబోయి, ఫక్కున నవ్వింది. “అయ్యో గట్ల కాదు మేడం! డ్యూటీకి పోయింది. అమ్మ ఆయమ్మ గదా.”

మిగిలిన తొమ్మిదిమందీ నవ్వారు. ఎప్పుడూ కెమెరా తెరవనివాళ్ళు కూడా ఆ నవ్వు కోసం తెరిచారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత చాలా వారాలు అదే వేళాకోళం. ఎవరైనా ఆలస్యంగా వస్తే “దవాఖానకు పోయిండేమో మేడం” అనేవాళ్ళు. నిజం చెప్పాలంటే మా మధ్య కొంచెం చనువు ఏర్పడిందంటే ఆ నవ్వు వల్లే. కానీ అప్పుడే నా మనసులో ఒకటి గట్టిగా నాటుకుంది. ఆ పిల్ల నోట దవాఖాన అనే మాట వస్తే అది డ్యూటీ. కంగారుపడి మళ్ళీ పిల్లల ముందు నవ్వులపాలు కాకూడదు.

రెండో వేసవి వచ్చేసరికి నాలో కంగారుపడే శక్తి కూడా లేదు. అప్పటికి వాళ్ళు రెండో సంవత్సరంలోకి వచ్చారు, మెంటర్‌గా మాత్రం నన్నే ఉంచారు. నాకూ జ్వరమొచ్చి తగ్గింది, దగ్గు తగ్గలేదు. రెండు వాక్యాలు చదివితే మూడో వాక్యానికి మొదటిది మర్చిపోయేదాన్ని. ఫోన్ తెరిస్తే చాలు, బెడ్ కావాలి, సిలిండర్ కావాలి, ఇంజెక్షన్ ఎక్కడ దొరుకుతుంది. తెలిసినవాళ్ళు, తెలియనివాళ్ళు, ఎప్పుడో ఒకసారి రైల్లో పరిచయమైనవాళ్ళు. డాక్టరు నంబరు అని ఎవరో ఎవరికో ఇచ్చేవారు. మొదట్లో ప్రతి ఒక్కరికీ జవాబిచ్చాను. తర్వాత సగంమందికి. ఆ తర్వాత ఫోన్ సైలెంట్‌లో పెట్టి దిండు కింద దాచాను. దీనికి నేను సిగ్గుపడ్డాను, కానీ దాచడం మానలేదు.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం. పదిమందిలో ఆరుగురే వచ్చారు. పేరు పేరునా పలకరించుకుంటూ పోతున్నాను, పలకరింపు కూడా ఫారం నింపినట్టే ఉంది. ఆ అమ్మాయి వంతు వచ్చింది. ఆరోజు మెట్ల మీద లేదు, గదిలో గోడకు ఆనుకుని కూర్చుంది. బొమ్మ సరిగా రావడం లేదు.

“అమ్మ ఎలా ఉందమ్మా?” అన్నాను.

“అమ్మ దవాఖానల ఉన్నది మేడం.”

“ఆదివారం కూడానా? పాపం. రెండు మాస్కులు పెట్టుకోమను. జాగ్రత్తగా ఉండమను.”

కొంచెంసేపు ఏమీ వినపడలేదు. నెట్‌వర్క్ అనుకున్నాను.

“సరే మేడం” అంది. నేను తర్వాతి పిల్లవాడి పేరు పిలిచాను.

సోమవారం వాళ్ళకు ఆన్‌లైన్ ఇంటర్నల్ పరీక్ష. ఆ పిల్ల రాయలేదని ఆఫీసువాళ్ళు నాకు మెయిల్ పెట్టారు. మంగళవారం మధ్యాహ్నం ఫోన్ చేశాను. పరీక్ష ఎందుకు రాయలేదని అడిగితే, “జరంత జ్వరమొచ్చింది మేడం, తగ్గింది” అంది. టెస్ట్ చేయించుకుందా, ఆక్సిజన్ ఎంతుంది అని అన్నీ అడిగాను. జవాబులన్నీ సరిగ్గా చెప్పింది.

“అమ్మ వచ్చిందా?”

“లే మేడం. అక్కడనే ఉంచుకున్నరు.”

ఆ రోజుల్లో ఆసుపత్రులవాళ్ళు పనివాళ్ళను ఇళ్ళకు పంపకుండా వారం పాటు అక్కడే ఉంచేసుకునేవారు. అది నాకు తెలుసు. తెలిసిన విషయాలే మనిషిని ముంచుతాయేమో. “అవును, ఇప్పుడందరూ అలాగే ఉంచేసుకుంటున్నారు. తిండైనా సరిగా పెడుతున్నారా?” అన్నాను.

“పెడ్తున్నరు మేడం. మా మామ గూడ తీస్కపోయి ఇస్తున్నడు.”

“మంచిది. నువ్వు రెస్ట్ తీసుకో” అని పెట్టేశాను. ఆదివారం పంపాల్సిన ఫారం అప్పుడు నింపుతూ ఆ పిల్ల పేరుకు ఎదురుగా ‘పర్వాలేదు’ అని నొక్కాను.

గురువారం మళ్ళీ చేశాను. పరీక్ష మళ్ళీ పెట్టించడానికి అర్జీ కావాలి, దానికోసం. ఎవరో మగమనిషి ఎత్తాడు.

“మేడమా? నేను పిల్ల మేనమామను, హయత్‌నగర్ నుంచి ఒచ్చిన. పిల్ల ఇప్పుడే జర కన్నంటుకున్నది. లేపమంటరా?”

“వద్దులెండి, తర్వాత చేస్తాను.”

“మేడం, ఒక్క మాట. మీరు డాక్టర్ గదా. మా అక్కకు ఆక్సిజన్ చాలుతలేదంట. ఇంక మాతోని కాదు, పెద్ద దవాఖానకు తీస్కపోన్రి అంటున్నరు. యాడికి తీస్కపోవాల్నో సమజైతలేదు.”

“ఎవరికి? మీ అక్కకా? ఆవిడ డ్యూటీలో ఉంది కదా?”

“డ్యూటీ యాడిది మేడం. శనివారం సంది బెడ్డు మీదనే ఉన్నది.”

స్టూలు మీద నుంచి లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో తెలియదు. ఆదివారం నుంచి ఆ పిల్ల నాతో అన్న ఒక్కొక్క మాటా వరసగా చెవిలో వినపడింది. ఈసారి సరిగ్గా వినపడింది.

నాతో చదువుకున్నవాడొకడు పెద్ద ప్రభుత్వ ఆసుపత్రిలో ఊపిరితిత్తుల విభాగంలో ఉన్నాడు. అప్పటివరకు ఎవరికోసమూ వాణ్ణి అడగలేదు, మొహమాటం. ఆరోజు అడిగాను. అడగడం కాదు, ఫోన్లో అరిచాను. రెండు గంటల్లో ఐసీయూలో బెడ్ దొరికింది. ఎల్బీ నగర్ నుంచి అంబులెన్సులో ఆమెను మార్చారు. ఆమె మూడు రోజులు బతికింది. నాలుగో రోజు పొద్దున వాడే ఫోన్ చేసి చెప్పాడు.

“నాలుగు రోజులు ముందొచ్చుంటే?” అని అడిగాను.

వాణ్ణి రోజుకు ఎంతమంది అడుగుతున్నారో ఆ ప్రశ్న. “చెప్పలేమే. కొందరు నిలబడుతున్నారు, కొందరు లేదు. చెప్పలేం” అన్నాడు.

ఆ తర్వాత ఆ అమ్మాయి మీటింగులకు రాలేదు. నేను ఫోన్ చేస్తే ఎత్తేది కాదు. వాళ్ళ మామ ఎత్తి “మంచిగనే ఉన్నది మేడం, మాట్లాడుతలేదు” అనేవాడు. నాకూ ఒక రకంగా అదే కావలసింది. మాట్లాడితే చెప్పాలి కదా. ప్రతి పొద్దునా ఇవాళ చెబుదామనుకుని, సాయంత్రానికి రేపు అనుకునేదాన్ని. ఇంతలో పరీక్షల ఫీజు నోటీసు వచ్చింది. ఆ పిల్ల కట్టలేదు. ‘చదువు మానేస్తున్నాను’ అని ఆఫీసుకు ఒకటే వాక్యం మెయిల్ పెట్టిందని తెలిసింది. మెంటర్‌గా నా అభిప్రాయం రాసి పంపమన్నారు. అభిప్రాయం!

ఆరోజు చెప్పులేసుకుని బయల్దేరాను. దిల్‌సుఖ్‌నగర్ నుంచి గడ్డిఅన్నారానికి నడిచి వెళ్ళాను. దగ్గు ఆగి ఆగి వస్తున్నా పావుగంట కూడా పట్టలేదు. ఏడాదికి పైగా ఆ పిల్లను ఫోన్లో చూస్తున్నాను, పావుగంట దూరంలో ఉందని ఒక్కసారి కూడా తట్టలేదు. మార్కెట్ ముందు మామిడిపండ్ల వాసన గుప్పుమంటోంది. ఆ వాసనంటే నాకు ప్రాణం. ఆరోజు ముక్కుకు కొంగు అడ్డుపెట్టుకుని దాటాను.

తలుపు తెరిచిన పిల్లను మొదట పోల్చుకోలేదు. అంత పొడుగ్గా ఉంటుందని తెలియదు. ఫోన్లో ఎప్పుడూ కూర్చునే కదా కనపడింది. గదిలో సామాన్లు సగం మూటలు కట్టి ఉన్నాయి. హయత్‌నగర్‌లో మామ ఇంటికి మారుతోంది. నాకు కుర్చీ వేసి తను నేలమీద కూర్చుంది. నేనూ కిందే కూర్చున్నాను.

దారిపొడుగునా తయారుచేసుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. “అమ్మ దవాఖానలో ఉందని నువ్వు చెబితే నేను డ్యూటీ అనుకున్నానమ్మా. నాకు అర్థమై ఉంటే ఆదివారమే బెడ్ ఇప్పించేదాన్ని. తప్పు నాది” అన్నాను.

ఆ పిల్ల తల ఎత్తలేదు. “నాకు ఎర్కనే మేడం.”

“ఏది ఎరుక?”

“మీరు డ్యూటీ అనుకుంటున్నరని. ఆదివారం నాడే తెల్సింది.”

“మరి చెప్పలేదేం?”

“అందరు ఫోన్ చేసి ఆక్సిజన్ ఎంతున్నది, ఎంతున్నది అనే అడుగుతుండె. మీరొక్కరే రెండు మాస్కులు పెట్టుకోమను అన్నరు. ఫోన్ పెట్టేసినంక జరసేపు అమ్మ నిజంగ డ్యూటీలనే ఉన్నట్టు అనిపించింది. మంగళారం మల్ల గట్లనే అడిగిన్రు. ఇంకొక్క దినం గట్లనే ఉండనీ అనుకున్న.”

నాకు కోపం వచ్చింది. దాచుకోను, ఆ క్షణంలో చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. ఒక్క మాట, ‘డ్యూటీ కాదు మేడం’ అని ఒక్క మాట అంటే సరిపోయేది. అంతలోనే జ్వరంతో ఒక్కర్తే ఈ గదిలో గోడకు ఆనుకుని కూర్చున్న పిల్ల కళ్ళ ముందు కదిలింది. ఆ పిల్ల వయసు అప్పటికి ఇరవై.

“మీరు రెండు గంటల్ల బెడ్డు ఇప్పిచ్చిన్రు మేడం. నేను నోరు తెరిస్తే ఆదివారమే ఇప్పిస్తుండె. అమ్మ ఉంటుండె. అమ్మకు ఏమైతున్నదో చెప్పనిదాన్ని, నేనేం డాక్టర్నయిత? నాతోని కాదు మేడం.”

నేను అక్కడికి ఎందుకు వెళ్ళానో అప్పుడు నాకు తెలిసొచ్చింది. ఆ పిల్ల ‘మీ తప్పేం లేదు మేడం’ అంటే విని, తేలికపడి, ఇంటికెళ్ళి పడుకుందామని వెళ్ళాను. తీరా చూస్తే నేను మోస్తున్నదే ఆ పిల్లా మోస్తోంది. నాకు నలభై ఏడేళ్ళు, ఎలాగో ఈడ్చుకొస్తాను. ఈ పిల్ల దాని కింద పడి చదువు మానేస్తోంది.

“నేను వార్డు డాక్టర్ని అడిగాను” అన్నాను. “నాలుగు రోజులు ముందు తెచ్చినా ఇంతే జరిగేదన్నాడు. వచ్చేసరికే కాదు, శనివారం నాటికే ఊపిరితిత్తులు పూర్తిగా పాడైపోయాయట. స్కాన్ చూసి చెప్పాడు.”

అప్పుడు తలెత్తి చూసింది. “నిజంగనా మేడం?”

“నిజం.”

“ఆయన గట్లనే అన్నడా?”

“అలాగే అన్నాడు.”

ఇరవై ఏళ్ళుగా పాఠం చెబుతున్నాను. తెలియనిదాన్ని తెలుసని చెప్పొద్దని ప్రతి బ్యాచ్‌కూ చెబుతాను. ఆరోజు ఒక్క దగ్గు కూడా అడ్డురాకుండా చెప్పాను. ఆ పిల్ల మోకాళ్ళ మీద ముఖం పెట్టుకుని ఏడ్చింది. నేను వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. నా గురించి ఏడ్వడానికి నాకు ఓపిక లేకపోయింది.

పరీక్ష రాసింది. ఒక పేపరు పోయింది, మళ్ళీ రాసి పాసైంది. హయత్‌నగర్ నుంచి బస్సులో కాలేజీకి వచ్చిపోయేది. కారిడార్‌లో ఎదురుపడితే నమస్తే పెట్టేది. మేం మళ్ళీ ఎప్పుడూ ఆ సంగతి మాట్లాడుకోలేదు. మాట్లాడుకోకపోయినా ఒక భయం నాకు ఏడాదికేడాది పెరుగుతూ వచ్చింది. ఆ పిల్ల ఒక్కో సంవత్సరం పైకి వెళుతోంది. వార్డులకు వెళుతుంది, స్కాన్లు చూడ్డం నేర్చుకుంటుంది. అలాంటి మాట ఏ డాక్టరూ అంత ఖాయంగా చెప్పలేడని ఏదో ఒకరోజు తెలుస్తుంది. ఆరోజు నా దగ్గరికొచ్చి అడిగితే ఏం చెప్పాలి?

ఈమధ్య హౌస్ సర్జన్‌గా చేరింది. మెడిసిన్ వార్డులో పోస్టింగ్. మొన్న సాయంత్రం ఫోన్ చేసింది. నేను కూర తరుగుతూ స్పీకర్‌లో పెట్టాను. డ్యూటీ కబుర్లు, మెస్ అన్నం కబుర్లు చెప్పింది.

“ఇయ్యాల ఒక పెద్దాయన పోయిండు మేడం” అంది. అది ఏ పోవడమో ఈసారి నేను అడగక్కర్లేకపోయింది. “ఆయన కొడుకు నా చెయ్యి పట్టుకుండు. నాలుగు దినాల ముందు తీస్కొస్తే బతుకుతుండెనా డాక్టరమ్మా అని అడిగిండు.”

కత్తిపీట పక్కకు జరిపాను. “నువ్వేమన్నావు?”

“మీరు నాకు చెప్పిందే చెప్పిన మేడం.”